రైల్లో కలిసిన అపరిచితుడికి చెప్పుకున్న మాట ఇంట్లో ఎందుకు చెప్పలేకపోయాను?

ప్రశ్న

నమస్కారం. పేరు చెప్పకుండా అడుగుతున్నందుకు మన్నించండి. అడగబోయే విషయమే అటువంటిది.

2013 ఆగస్టులో ఒక రాత్రి తొమ్మిది దాటాక విజయనగరం నుంచి మా నాన్నగారు నాకు ఫోన్ చేశారు. నేను హైదరాబాదులో ఆఫీసు పనిలో ఉన్నాను. ఊళ్లో ఉన్న స్థలం అమ్మకం గురించి అప్పటికి నెల రోజులుగా మా ఇద్దరికీ మాటా మాటా వస్తూ ఉంది. మళ్లీ అదే సంగతి ఎత్తుతారనుకొని, ఫోను మోగినంతసేపూ తెర మీద ఆయన పేరు చూస్తూ కూర్చున్నాను తప్ప ఎత్తలేదు. తెల్లవారుజామున నాలుగింటికి మా బావగారు ఫోన్ చేసి, నాన్నగారు నిద్రలోనే వెళ్లిపోయారని చెప్పారు.

నేను ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ నన్ను పట్టుకొని అడిగిన మొదటి మాట, "రాత్రి నీకు ఫోన్ చేశారు కదరా, ఏమన్నారు?" అని. ఏం చెప్పాలో తోచక, "నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నారమ్మా" అన్నాను. అది నేను ఆ క్షణంలో కల్పించిన మాట. పన్నెండేళ్లు దాటింది, అమ్మ ఇప్పటికీ చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ, చివరికి మా అమ్మాయికి తాతగారి గురించి చెప్పేటప్పుడు కూడా, ఆ మాటే చెబుతుంది. ఆమె చెప్పిన ప్రతిసారీ నేను పక్కనే ఉండి తల ఊపుతాను. ఈ సంగతి నా భార్యకు తెలియదు, స్నేహితులకు తెలియదు.

మొన్న సంక్రాంతికి వెళ్లి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తిరిగి వస్తుండగా, రాజమండ్రి దగ్గర బండి వంతెన ఎక్కగానే ఎదుటి బెర్తులోని పెద్దాయన లేచి, కిటికీ అద్దంలోంచి చీకట్లో కనబడని నదికి చేతులు జోడించారు. "ఈ వంతెన వచ్చినప్పుడల్లా మా నాన్న నన్ను నిద్ర లేపేవాడు బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటకు నాలో ఏం కదిలిందో తెలియదు కాని, వంతెన దాటేలోపే మొదలుపెట్టి ఆయనకు మొత్తం చెప్పేశాను. మంచి చేశావనీ అనలేదు, తప్పు చేశావనీ అనలేదు. చాలాసేపటి తర్వాత, "నాకూ ఒకటుంది" అని తనది చెప్పారు. అదేమిటో ఇక్కడ రాయను; అది ఆయనది. వరంగల్లులో దిగేటప్పుడు జారిపోయిన నా దుప్పటి సరిచేసి, ఏమీ అనకుండా దిగిపోయారు. నేను మేలుకొనే ఉన్నాను. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు.

నేను అడగదలచినవి రెండు. పన్నెండేళ్లు నా వాళ్లెవరికీ చెప్పలేనిది ఒక్క గంటలో పరాయి మనిషికి ఎలా చెప్పగలిగాను? ఆ మనిషి మీద ఇప్పటికీ నాకున్న ఆత్మీయత నిజమైనదేనా, లేక మళ్లీ కలవబోమన్న ధైర్యంతో పుట్టినదా? రెండోది, నాకు కలిగిన ఈ తేలికదనం మా అమ్మకు నేను బాకీ ఉన్న నిజాన్ని ఎగ్గొట్టడం అవుతుందా?

మొదటి సమాధానం: విశ్రాంత అధ్యాపకుడు, అనంతపురం

మీ మొదటి ప్రశ్న కొత్తది కాదు. జర్మన్ సామాజికవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లో అపరిచితుడి గురించి రాసిన చిన్న వ్యాసంలో దీన్ని గమనించాడు. ఒక సమూహంలో ఉంటూ కూడా దాని బంధుత్వాలలో, పక్షాలలో వేళ్లు లేని మనిషికి జనం తమ దగ్గరివాళ్ల నుంచి జాగ్రత్తగా దాచుకున్న సంగతులు కూడా చెప్పేస్తారనీ, ఆ చెప్పడంలో ఒక్కోసారి పాపనివేదన లక్షణం ఉంటుందనీ అన్నాడు. కారణం మీకూ తెలిసినదే. మీ భార్యకు చెబితే, ఆ మరుక్షణం నుంచి ఆమె మీ అమ్మగారి పక్కన కూర్చున్నప్పుడల్లా ఆ బరువు తానూ మోయాలి. స్నేహితుడికి చెబితే అతని కళ్లలో మీ బొమ్మ మారుతుంది. ఆ పెద్దాయనకు మాత్రం మార్చుకోవలసిన బొమ్మే లేదు.

దీనికి మన పెంపకం కూడా తోడైంది. ఆయువు, విత్తం, గృహచ్ఛిద్రం అంటూ మొదలై అవమానంతో ముగిసే శ్లోకం తొమ్మిది విషయాలను దాచి ఉంచమని చెబుతుంది. ఇంటి గుట్టు లంకకు చేటని ఇంట్లో పెద్దలు చెబుతారు. దాచడం మనకు చిన్నప్పటి నుంచీ నేర్పినంతగా, దాచినదాన్ని ఎక్కడ దించుకోవాలో ఎవరూ నేర్పలేదు. రాజుగారి గాడిద చెవుల సంగతి కడుపులో పట్టక చెట్టుకు చెప్పుకున్న మంగలి కథ మనందరం విన్నదే. ఆ కథలో నన్ను ఎప్పుడూ బాధపెట్టేది అతనికి మనిషి దొరకకపోవడం.

మీకు దొరికాడు. పైగా ఆయన తన రహస్యం కూడా మీ చేతిలో పెట్టాడు. దీని మీద జిక్ రూబిన్ అనే మనస్తత్వవేత్త బోస్టన్ విమానాశ్రయంలో బయలుదేరే ప్రయాణికుల మధ్య చేసిన ప్రయోగాలు 1975లో అచ్చయ్యాయి. అవతలి మనిషి తన గురించి ఎంత లోతుగా చెబితే, ముక్కూ మొహం తెలియని ప్రయాణికులు కూడా తమ గురించి అంత లోతుగా రాశారు; అయితే దానికీ ఒక హద్దు ఉందనీ, మరీ ముందుకు వెళితే జనం అనుమానంతో వెనక్కి తగ్గుతారనీ కూడా తేలింది. మీ విషయంలో ఆ హద్దు ఎవరూ దాటలేదు. ఆయన ముందుగా ఇచ్చినది చాలా చిన్నది, తండ్రి నిద్ర లేపిన జ్ఞాపకం ఒక్కటే.

ఇంకొక సంగతి మీకు ఉపయోగపడుతుందనుకుంటాను. మైకేల్ స్లెపియన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2017లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం, రహస్యం మనిషిని నలిపేది ఎదుటివాళ్ల ముందు దాచవలసి వచ్చిన ఘడియల కన్నా, ఎవరూ లేనప్పుడు మనసు పదే పదే దాని దగ్గరికి వెళ్లడం వల్ల ఎక్కువ. మీరు అమ్మగారి పక్కన తల ఊపిన క్షణాలను లెక్కపెడుతున్నారు. మీరు ఒంటరిగా ఉన్న రాత్రులలో దాని దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లి వచ్చారో కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ తేలికదనం ఎక్కడి నుంచి వచ్చిందో బోధపడుతుంది. అది ఎగవేత అని నేను అనుకోను.

రెండో సమాధానం: మేరీల్యాండ్ నుంచి

మీ ప్రశ్న చదివాక నేను చాలాకాలంగా ఎవరికీ చెప్పని ఒక పని గురించి రాయాలనిపించింది.

నేను ఉండే ప్రాంతానికి దగ్గరలోనే జర్మన్‌టౌన్ అనే ఊరు ఉంది. అప్పట్లో అక్కడ ఉండే ఫ్రాంక్ వారెన్ అనే ఆయన 2004లో మూడు వేల పోస్టుకార్డుల మీద తన చిరునామా అచ్చు వేయించి, వాషింగ్టన్ మెట్రో స్టేషన్లలోనూ చిత్రశాలల్లోనూ కనబడినవారికి పంచారు. కొన్నింటిని గ్రంథాలయ పుస్తకాల మధ్య పెట్టి వచ్చారు. ఆయన కోరినది, మీ రహస్యం ఒకటి పేరు లేకుండా రాసి పంపండి, అది నిజమై ఉండాలి, అంతకుముందు ఎవరికీ చెప్పినదై ఉండకూడదు అని మాత్రమే. వచ్చిన కార్డులతో ఆయన పెట్టిన ప్రదర్శన అయిపోయాక కూడా కార్డులు ఆగలేదు. పంచినవి అయిపోతే జనం తామే అట్టముక్కలు కత్తిరించి, బొమ్మలు అతికించి పంపసాగారు. పోస్ట్‌సీక్రెట్ అనే పేరుతో సాగుతున్న ఆ పనిలో ఇప్పటికి పది లక్షలకు పైగా కార్డులు వచ్చి చేరాయి. కొన్నింటిని ఆయన ఆదివారం ఆదివారం అందరికీ చూపిస్తారు.

2015లో వాషింగ్టన్‌లోని జాతీయ తపాలా మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టినప్పుడు నేను వెళ్లాను. అక్కడ చదివినవాటిని ఎత్తి రాయను, మీరు ఆ పెద్దాయన మాట రాయనట్టే. ఒక కార్డు ముందు నేను ఆగిపోయాను. నా పక్కన నిలబడ్డ, నాకంటే పెద్దావిడ కూడా అక్కడే ఆగిపోయింది. మా ఇద్దరి కళ్లూ ఒకే వాక్యం మీద ఉన్నాయని ఇద్దరికీ తెలిసింది. ఆమె తన సంచిలోంచి కాగితపు రుమాలు తీసి ముందు నాకిచ్చి, తర్వాత తాను ఒకటి తీసుకుంది. మేం మాట్లాడుకోలేదు. ఆ కార్డు రాసిన మనిషికి మేమిద్దరం అక్కడ నిలబడ్డామని ఎన్నటికీ తెలియదు. తనకు తెలియకుండానే ఆ మనిషి మమ్మల్ని కలిపింది. మీరు అడిగిన ఆత్మీయత నిజమా కాదా అన్నదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే.

ఇక నేను చేసిన పని. ఇంటికి వచ్చి నేనూ ఒక కార్డు రాశాను, తెలుగులో. మా ఇళ్లలో గుట్టు ఎన్నడూ కార్డు మీద రాసేవారు కాదు. అందుకు ఇన్‌లాండ్ కవరు ఉండాలి, దాని అంచులు కూడా జాగ్రత్తగా అంటించాలి. అటువంటి ఇంట్లో పెరిగిన నేను, పోస్టుమాన్ కూడా చదవగలిగిన కార్డు మీద నా రహస్యం రాయాలంటే, ఎవరూ చదవలేని భాష కావలసి వచ్చింది. డబ్బాలో వేశాను. వారం రోజులు గడిచినా నాకు ఏ తేలికా కలగలేదు. చదవలేరన్న భరోసాతో రాశాను కనుక, నా దృష్టిలో అది ఎవరికీ చెప్పినట్టు కాదని అప్పుడు గ్రహించాను. చెప్పడం అంటే కేవలం బయటికి అనేయడమని అంతవరకు అనుకున్నాను. అవతల దాన్ని అందుకునే మనిషి ఒకరు ఉంటేనే నాకు అది చెప్పడం అవుతుంది. అదే రహస్యాన్ని రెండోసారి ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాసి పంపాను. ఆ రాత్రి నిద్ర పట్టింది.

ఆ కార్డు ఎక్కడా ప్రదర్శనకు వచ్చినట్టు నేను చూడలేదు. కాని ఎవరో ఒకరు చేత్తో పట్టుకొని చదివి ఉంటారన్న నమ్మకం నాకు సరిపోయింది.

వారెన్ గారు స్వయంగా చెప్పిన ఒక సంగతి కూడా మీకు అవసరమనిపిస్తుంది. వచ్చిన కార్డులలో ఒకటి చదివినప్పుడు, తాను చిన్ననాడు పడిన ఒక అవమానాన్ని తన నుంచి తానే దాచుకున్నానని ఆయనకు తెలిసిందట. దాన్ని కార్డు మీద రాసి, భార్యకూ కూతురికీ చెప్పి, ఆ తర్వాత ఆ కార్డును తన చిరునామాకే పోస్టు చేసుకున్నారు. అంటే పరాయివాళ్ల మాటలు ఆయనను మళ్లీ ఇంటివైపే నడిపించాయి.

ఇదంతా చదివి, పేరు దాస్తే చాలు అంతా మంచే జరుగుతుందని మాత్రం అనుకోకండి. ఇదే పనిని వాళ్లు 2011లో ఫోన్ యాప్‌గా కూడా తెచ్చారు. చాలామంది నిజాయితీగానే రాశారు, కాని కొద్దిమంది పెట్టిన దుర్మార్గపు రాతలను ఏరివేయడం జీతం లేకుండా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తల శక్తికి మించిపోవడంతో కొన్ని నెలలకే దాన్ని మూసివేయవలసి వచ్చింది. కార్డు రాయాలంటే కూర్చోవాలి, కత్తిరించాలి, బిళ్ల అంటించాలి, డబ్బా దాకా నడవాలి. ఆ నడిచే దారిలో మనిషి తాను రాసినదాన్ని మరొకసారి తలచుకుంటాడు. ఒక్క వేలితో నొక్కి పంపేటప్పుడు ఆ నడక ఉండదు. తేడా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం. మీ రైలు ప్రయాణం కూడా ఆ నడకలాంటిదే.

మూడో సమాధానం: ఫోనులో వినే స్వచ్ఛంద కార్యకర్త

మానసిక వేదనలో ఉన్నవారి ఫోన్లు వినే ఒక సంస్థలో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరెవరు ఏమేం చెప్పారో నేను చెప్పను, చెప్పకూడదు. కాని ఆ పని ఎలా సాగుతుందో చెబితే మీ అనుభవం మీకు మరికొంత అర్థం కావచ్చు.

ఇటువంటి సేవకు పాత ఉదాహరణ లండన్‌లోని సమారిటన్స్. చాద్ వారా అనే మతగురువు తన తొలి రోజుల్లో, 1935లో, ఆత్మహత్య చేసుకున్న పద్నాలుగేళ్ల బాలికకు అంత్యక్రియలు జరిపించారు. నెలసరి మొదలైతే అది చెప్పుకోలేని జబ్బనుకొని ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. అడగడానికి ఒక్క మనిషి ఉంటే బతికేది. ఆ సంగతి ఆయనను వదలలేదు. 1953 నవంబరు 2న తన చర్చిలోనే ఒక టెలిఫోనుతో సేవ ప్రారంభించారు. నిపుణుడిగా తానే సలహా ఇవ్వాలని ఆయన ఉద్దేశం. మనుషులు ఆయన కోసం బయట వేచి ఉంటే, వాళ్లకు టీ ఇచ్చి పక్కన కూర్చోవడానికి కొందరు మామూలు మనుషులు వచ్చేవారు. కొద్ది నెలల్లోనే ఆయన గమనించినది ఏమిటంటే, ఆ టీ ఇచ్చినవాళ్లతో మాట్లాడాక చాలామందికి తనను కలవవలసిన అవసరమే మిగలడం లేదు. 1954లో వినే పనిని వాళ్లకే అప్పగించారు. చెన్నైలో 1986 నుంచి స్నేహ అనే సంస్థ ఇటువంటి పనే చేస్తోంది.

వినడానికి ముందు మాకు నేర్పేది సలహా ఇవ్వకుండా ఉండటం. అది చాలా కష్టం. మీ పెద్దాయనకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. మొదట్లో చాలామంది "మా స్నేహితుడికి ఇలా జరిగింది" అని మొదలుపెడతారు. మనం తొందరపడకపోతే, ఎప్పుడో ఒక వాక్యం మధ్యలో "అతను" పోయి "నేను" వస్తుంది. ఆ మార్పు వచ్చినప్పుడు గొంతు కూడా మారుతుంది. నేను ఈ పని మానలేకపోవడానికి కారణం ఆ క్షణమే.

కాని నేను చూసిన మరొక వైపు కూడా చెప్పాలి. కొందరు అదే రహస్యాన్ని ఏళ్ల తరబడి కొత్త కొత్త గొంతులకు చెబుతూనే ఉంటారు. ప్రతిసారీ తేలికపడతారు, కాని ఇంట్లో ఏదీ కదలదు. మీరు ఒక్కసారే చెప్పారు, ఆ వెంటనే ఇంటి గురించి అడుగుతున్నారు. కాబట్టి మీరు ఆ బాటలో ఉన్నారని నేను అనుకోను. అయితే ఒక్కటి ఆలోచించండి: మీ అమ్మగారికి చెప్పాలనుకుంటే, చెప్పాక ఆ రాత్రి ఆమె పక్కన ఉండగలిగే వీలు చూసుకొని చెప్పండి. బరువు దించి మర్నాడే బండి ఎక్కేయడం మాత్రం వద్దు.

ఈ సంభాషణ చదువుతున్నవారిలో ఎవరికైనా దాచుకున్నది ప్రాణం మీదికి తెచ్చేంత బరువుగా ఉంటే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. ముఖం తెలియని మనిషి మీ కథ విన్నాక ఫొటోలో డబ్బో అడిగితే, ఆ మనిషి వింటున్నది మిమ్మల్ని కాదని గ్రహించి అక్కడితో ఆపేయండి.

నాలుగో సమాధానం: తెనాలి నుంచి, ఒక తల్లి

బాబూ, మీది మా పెద్దబ్బాయి వయసు ఉంటుంది. పైన పెద్దలు చాలా చక్కగా రాశారు. నేను చదివినప్పుడు మాత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

"రాత్రి నీకు ఫోన్ చేశారు కదరా" అని మీ అమ్మగారు అడిగారన్నారు. ఫోన్ చేసిన సంగతి ఆమెకు తెలుసు. అంటే ఆ సమయంలో ఆమె ఆ గదిలోనో, పక్క గదిలోనో ఉన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు భర్త కొడుకుతో మాట్లాడాడో, ఫోను చెవి దగ్గర పెట్టుకొని కాసేపు ఉండి కింద పెట్టేశాడో భార్యకు తెలియకుండా ఉంటుందా? పెట్టేశాక, "వాడు ఎత్తలేదు" అని ఆయన ఒక్క మాటైనా అని ఉండరా?

నాకు నిజంగా ఏమీ తెలియదు. మీ ఇంటి సంగతి నేను ఊహిస్తున్నానంతే, తప్పయితే మన్నించండి. కాని నేనే ఆ స్థానంలో ఉంటే, ఆ మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డ కొడుకు ముఖం చూసి, వాడు ఏం చెబితే అది అందుకొని ఉండేదాన్ని. తర్వాత పదిమందిలో ఆ మాటే చెప్పి ఉండేదాన్ని, వాడి ఎదుట మరీ చెప్పి ఉండేదాన్ని. పోయినాయన అన్నాడో లేదో గాని, ఆ మాట అన్నది నా కొడుకు కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. రెండు రోజులుగా జవాబు రాయాలని కూర్చుని లేస్తున్నాను.

తెనాలి అమ్మగారూ, మీరు రాసినది నాకు పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. చదివాక నిన్న రాత్రి నా భార్యకు మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది: మా పెళ్లయిన కొత్తలో అమ్మ ఒకసారి బీరువా సర్దుతూ, నాన్నగారి పాత ఫోను చీర మడతలోంచి తీసి చూపించి, "ఇది వాడి కంట పడనివ్వకు" అని మళ్లీ లోపల పెట్టేసిందట. నేను చూసి బాధపడతానని అలా అన్నదనుకొని ఆమె ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు.

మేరీల్యాండ్ నుంచి రాసినవారికీ, అధ్యాపకులకూ, ఫోనులో వినేవారికీ నా కృతజ్ఞతలు. ఆగస్టులో నాన్నగారి ఆబ్దికానికి వెళుతున్నాను. మర్నాడే తిరిగి రాకుండా నాలుగు రోజులు సెలవు పెట్టాను. వెళ్లేది కూడా గోదావరిలోనే. వంతెన వచ్చేసరికి తెల్లవారకముందే అవుతుంది. మా అమ్మాయిని నిద్ర లేపుతాను.